యాంటీహిస్టమిన్, జింక్ కలిసిన మాత్ర: ఎన్నాళ్లు వేసుకోవచ్చు? ఎవరు జాగ్రత్తపడాలి?

తొలిమంచు
అందరికీ నమస్కారం. మా అమ్మ వయసు 68. ఆ మధ్య జలుబు చేస్తే డాక్టరు గారు ఐదు రోజులకని ఒక మాత్ర రాశారు. స్ట్రిప్ వెనక క్లోర్‌ఫెనిరమిన్ మేలియేట్ 4 మిల్లీగ్రాములు, జింక్ గ్లూకోనేట్ 50 మిల్లీగ్రాములు అని ఉంది. జలుబు ఎప్పుడో తగ్గిపోయింది. అమ్మ మాత్రం మానలేదు. రాత్రి పడుకునే ముందు ఒకటి వేసుకుంటోంది. "జింక్ ఉందటగా, ఒంటికి మంచిదే. పైగా నిద్ర కూడా పడుతోంది" అంటుంది. పొద్దున లేచాక చాలాసేపు మబ్బుగా ఉంటోంది, మాటిమాటికీ నోరు ఎండిపోతోందని నీళ్లు తాగుతోంది. బీపీ మాత్ర, ఐరన్ మాత్ర కూడా వాడుతోంది. ఇలా కొనసాగిస్తే ఏమైనా ఇబ్బందా? నచ్చజెప్పడానికి నాకు కాస్త గట్టి సమాచారం కావాలి.

మందులచీటీ
తొలిమంచు గారూ, నేను ఫార్మసిస్టుని. ముందుగా ఒకటి మనసులో పెట్టుకోండి. కలిపి ఇచ్చిన మాత్రని ఒక మందుగా చూడకూడదు. అందులో రెండు మందులు ఉన్నాయి, రెండింటి లెక్కా వేరు. యాంటీహిస్టమిన్, అంటే తుమ్ములు, ముక్కు కారడం తగ్గించే క్లోర్‌ఫెనిరమిన్, చేసే మేలైనా కీడైనా ఆ రోజో మర్నాడో కనిపిస్తుంది. జింక్ వల్ల వచ్చే చిక్కు వారాలు, నెలలు గడిచాక బయటపడుతుంది. ఈ రెండూ ఒకే మాత్రలో ఉంటే ఒకదాని కోసం వేసుకుంటూ రెండోదాన్ని మరిచిపోతాం. అమ్మగారి విషయంలో జరుగుతున్నది అదే.

ఇక ఆ మగత సంగతి. క్లోర్‌ఫెనిరమిన్ పాత తరం యాంటీహిస్టమిన్. మెదడులోకి సులువుగా వెళ్తుంది, అందుకే నిద్ర వస్తుంది. పెద్దవాళ్ల ఒంట్లో అది సగానికి తగ్గడానికే దాదాపు 20 గంటలు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ పట్టవచ్చు. రాత్రి వేసుకున్న మాత్ర పొద్దునకల్లా పోదు. మర్నాడు రాత్రి ఇంకోటి దాని మీద చేరుతుంది. నోరు ఎండిపోవడం కూడా ఆ మందు పనే.

అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ వారి బీర్స్ జాబితా అని ఒకటి ఉంది. 65 ఏళ్లు దాటినవాళ్లకి వీలైనంతవరకు ఇవ్వకూడని మందులు అందులో ఉంటాయి. క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ లాంటి పాత తరం యాంటీహిస్టమిన్లు ఆ జాబితాలో ఉన్నాయి. తికమక, మలబద్ధకం, మూత్రం సరిగా రాకపోవడం, తూలి పడిపోవడం లాంటివి ఈ వయసులో ఎక్కువ. నిద్ర పట్టడం కోసం దీన్ని వాడటం ఏమాత్రం మంచిది కాదు. అమ్మగారికి నిద్ర పట్టకపోవడమే అసలు బాధ అయితే, డాక్టరు గారితో ఆ మాటే చెప్పమనండి.

సముద్రఘోష
యాంటీహిస్టమిన్ గురించి చెప్పింది ఒప్పుకుంటాను. కానీ జింక్‌తో భయమెందుకండీ? విటమిన్ సి లాగే ఎక్కువైతే మూత్రంలో పోతుంది కదా. నేనూ రోగనిరోధక శక్తి కోసం వేరే జింక్ మాత్ర వేసుకుంటున్నాను. 50 మిల్లీగ్రాములది.

వైద్యమిత్ర
సముద్రఘోష గారూ, చాలామంది ఇలాగే అనుకుంటారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. జింక్ శరీరం నుంచి ఎక్కువగా పేగుల దారినే బయటికి పోతుంది, మూత్రంలో పోయేది తక్కువ. అయితే అసలు ప్రమాదం జింక్ ఒంట్లో పేరుకుపోవడం కన్నా రాగి తగ్గిపోవడంలో ఉంది.

జింక్ ఎక్కువగా అందుతుంటే పేగు గోడలోని కణాలు మెటల్లోథయొనీన్ అనే ప్రొటీన్ని ఎక్కువగా తయారుచేస్తాయి. ఈ ప్రొటీన్ జింక్ కన్నా రాగిని గట్టిగా పట్టుకుంటుంది. తిండిలోంచి వచ్చిన రాగి రక్తంలోకి వెళ్లకుండా ఆ కణంలోనే చిక్కుకుంటుంది. కొన్నాళ్లకి ఆ కణం రాలిపోయినప్పుడు రాగి కూడా మలంతో బయటికి పోతుంది. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధికి జింక్ అసిటేట్‌ని మందుగా ఇచ్చేది ఈ గుణం వల్లే. ఆ రోగికి మేలు చేసే పనే మామూలు మనిషికి కీడవుతుంది.

రోజుకి 50 మిల్లీగ్రాములు, అంతకు మించి జింక్ వారాల తరబడి తీసుకుంటే రాగి అందడం తగ్గుతుంది. నెలల తరబడి సాగితే రక్తహీనత వస్తుంది, ఐరన్ ఎంత ఇచ్చినా తగ్గదు. తెల్ల రక్తకణాలు పడిపోతాయి. రోగనిరోధక శక్తి కోసమని మొదలుపెట్టిన మాత్ర చివరికి దాన్నే దెబ్బతీస్తుంది. ఇంకా ముదిరితే పాదాలు మొద్దుబారతాయి, నడకలో పట్టు తప్పుతుంది. రక్తం తిరిగి బాగవుతుంది కానీ నరాలకి తగిలిన దెబ్బ పూర్తిగా మానకపోవచ్చు. ఇది అరుదే. కానీ జింక్ వాడుతున్నానని రోగి చెప్పకపోతే డాక్టర్లకి కూడా తట్టడానికి చాలా కాలం పడుతుంది, అందుకే ఇంత చెప్తున్నాను.

పెద్దవాళ్లలో మగవారికి రోజుకి 11, ఆడవారికి 8 మిల్లీగ్రాముల జింక్ సరిపోతుంది. తిండి, మాత్రలు అన్నీ కలిపి 40 దాటకూడదన్నది గరిష్ఠ పరిమితి. డాక్టరు ఒక జబ్బు కోసం కొద్దికాలం అంతకన్నా ఎక్కువ రాస్తే అది వేరే మాట. మీ మాత్రలో ఉన్న 50 ఏ లెక్కలో రాశారో చూసి చెప్పండి.

సముద్రఘోష
డబ్బా మీద "ఎలిమెంటల్ జింక్ 50 మిల్లీగ్రాములు" అని ఉంది. దానికీ తొలిమంచు గారు రాసిన గ్లూకోనేట్ 50కీ తేడా ఉందా?

మందులచీటీ
చాలా తేడా ఉందండీ. లేబుల్ చదవడంలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. జింక్ మాత్రల్లో జింక్ ఒంటరిగా ఉండదు, ఏదో ఒక లవణంగా ఉంటుంది. గ్లూకోనేట్ బరువులో అసలు జింక్ సుమారు 14 శాతమే. అంటే తొలిమంచు గారి అమ్మగారి మాత్రలో 50 అని కనిపిస్తున్నా అందులో ఉన్న జింక్ 7 మిల్లీగ్రాములు. అసిటేట్‌లో సుమారు 30 శాతం. మామూలుగా దొరికే సల్ఫేట్‌లో 23 శాతం దాకా, 220 మిల్లీగ్రాముల సల్ఫేట్ బిళ్ల అయితే 50 మిల్లీగ్రాముల జింక్ ఉన్నట్టు. "ఎలిమెంటల్" అని రాశారంటే అది లవణం బరువు కాదు, అచ్చంగా జింక్ బరువే. మీది నిజంగానే 50. దాన్ని ఇక వేసుకోకండి. ఒకసారి డాక్టరుని కలవండి, ఎన్నాళ్లుగా వాడుతున్నారో చెప్పండి.

సముద్రఘోష
సరేనండీ, ఆపేస్తాను. పోయినసారి రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ కొంచెం తక్కువే వచ్చింది. ఆ రిపోర్టు కూడా తీసుకెళ్తాను.

తొలిమంచు
అంటే అమ్మ మాత్రలో జింక్ తక్కువే ఉంది, భయపడాల్సింది యాంటీహిస్టమిన్ గురించి. నేను దీన్ని తలకిందులుగా అనుకుంటున్నాను. ఐరన్ మాత్రతో ఏమైనా గొడవ ఉందా?

వైద్యమిత్ర
ఐరన్, జింక్ రెండూ కలిపి వేసుకుంటే ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయి. ఐరన్ మోతాదు ఎక్కువైతే జింక్ సరిగా అందదు. రెండూ అవసరమైతే వేర్వేరు వేళల్లో వేసుకోవాలి. అమ్మగారికి ఐరన్ అవసరం ఉంది, ఈ కలిపిన మాత్ర అవసరం లేదు. కాబట్టి దీన్ని ఆపితే సరి. తుమ్ములు, ముక్కు కారడం మళ్లీ వస్తే మగత తక్కువ ఉండే కొత్త తరం మందులు ఉన్నాయి. కిడ్నీ పనితీరు చూసి ఏది ఎంత వాడాలో డాక్టరు గారు చెప్తారు. ఇంకొకటి. జలుబు మాత్రలు చాలావాటిలో ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ లాంటిది కూడా కలుస్తుంది, అది బీపీని పెంచగలదు. బీపీ ఉన్నవాళ్లు కంపోజిషన్ మొత్తం చదివాకే జలుబు మాత్ర కొనాలి.

పొద్దుతిరుగుడు
ఈ చర్చ సరైన సమయంలో కనిపించింది. మా పాపకి రెండేళ్లు దాటాయి. విరేచనాలు అవుతుంటే డాక్టరు గారు ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ సిరప్ 14 రోజులకి రాశారు. విరేచనాలు తగ్గాయి. సిరప్ ఇంకా ఇస్తున్నాం. ఇంతలో జలుబు చేసింది. ఇంట్లో పెద్దబాబుకి వాడిన యాంటీహిస్టమిన్, జింక్ కలిసిన సిరప్ సగం సీసా ఉంది. అందులోంచి అర చెంచా ఇమ్మంటున్నారు మా అత్తయ్య.

వైద్యమిత్ర
ఇవ్వకండమ్మా. అత్తయ్య గారికి ఇలా చెప్పండి.

విరేచనాలకి ఇచ్చే జింక్ మందులాగే ఇస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2004లో చేసిన సిఫార్సు ప్రకారం ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవాళ్లకి 10, మొత్తం 10 నుంచి 14 రోజులు. మామూలుగా ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకి గరిష్ఠ పరిమితి రోజుకి 7 మిల్లీగ్రాములే. అయినా 20 ఇస్తున్నామంటే అది కొద్దిరోజుల వైద్యం, లెక్క కట్టి ఇస్తున్నది. విరేచనాలు తగ్గినా రాసినన్ని రోజులూ ఆ సిరప్ పూర్తిచేయండి. దాని మీద ఇంకో సిరప్‌లోని జింక్ చేరితే పాపకి కడుపులో తిప్పడం, వాంతులు మొదలవుతాయి. అసలే విరేచనాలతో నీరసించిన పిల్ల.

జలుబు సిరప్‌లోని యాంటీహిస్టమిన్ సంగతి ఇంకా ముఖ్యం. రెండేళ్లలోపు పిల్లలకి ఇలాంటి జలుబు మందులు ఇవ్వొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే చెప్పింది. తర్వాత అక్కడి తయారీదారులే నాలుగేళ్లలోపు వాడకూడదని లేబుల్ మీద రాయడం మొదలుపెట్టారు. చిన్నపిల్లల్లో ఈ మందు మగత తెప్పించడానికి బదులు ఒక్కోసారి రివర్సుగా పనిచేస్తుంది. నిద్రపోకుండా ఏడవడం, గెంతడం, ఒళ్లు వణకడం లాంటివి వస్తాయి. ముక్కులో సెలైన్ చుక్కలు వేసి శుభ్రం చేయండి, పాలు, నీళ్లు బాగా పట్టండి. ఊపిరి వేగంగా తీస్తున్నా, పాలు తాగకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మందులచీటీ
అర చెంచా అన్నారు కాబట్టి ఒక మాట. ఇంట్లో చెంచాలన్నీ ఒకే కొలత ఉండవు. పిల్లల సిరప్ ఏదైనా సీసాతో వచ్చిన కొలత మూతతోనో, సూది లేని సిరంజితోనో కొలవాలి. పెద్దబాబు సీసా ఎప్పుడు తెరిచారో గుర్తులేకపోతే పారేయడమే మంచిది.

గాలివాన
నాకు దుమ్ము పడదు. ఏడాదిలో చాలా నెలలు లెవోసెట్రిజిన్ వేసుకోవాల్సిందే. ఈమధ్య షాపులో మామూలు మాత్ర లేదని జింక్ కలిసినది ఇచ్చారు, "ఇది ఇంకా పవర్‌ఫుల్" అన్నారు. కంపోజిషన్ చూస్తే జింక్ 20 అని ఉంది. మగత పెద్దగా లేదు. వాడొచ్చా?

మందులచీటీ
దుమ్ము ఎలర్జీకి పనిచేసేది అందులోని లెవోసెట్రిజినే. జింక్ వల్ల తుమ్ములు తగ్గవు. ఇలా నెలల తరబడి వాడాల్సిన వాళ్లకి కలిపిన మాత్ర అస్సలు సరిపడదు. ఎలర్జీ మందు ఆపలేరు, దానితో పాటు అక్కర్లేని జింక్ కూడా రోజూ లోపలికి పోతుంటుంది. మల్టీవిటమిన్ కూడా వాడుతుంటే అందులోనూ జింక్ ఉంటుంది. రెండూ కలిపితే 40కి దగ్గరపడతారు. జింక్ లేని మాత్రే అడిగి తీసుకోండి. ఒక షాపులో లేకపోతే ఇంకోచోట చూడండి, లేదా అదే రకం మందు ఇంకేదైనా రాయమని డాక్టరుని అడగండి.

మగత లేదన్నారు, మంచిదే. అయినా సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ రెండూ కొందరికి మగత తెప్పిస్తాయి. మొదటి రెండు మూడు రోజులు మీ ఒంటికి ఎలా ఉందో చూసుకున్నాకే బండి తీయండి. ఫెక్సోఫెనడిన్‌కి మారితే (అదీ ఎలర్జీ మందే) దాన్ని పళ్లరసంతో వేసుకోకండి, సరిగా ఎక్కదు. మంచినీళ్లతోనే.

వైద్యమిత్ర
గాలివాన గారూ, ఇంకో విషయం. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ చాలాకాలం రోజూ వాడి ఒక్కసారిగా మానేసిన కొందరికి కొద్దిరోజుల్లో ఒళ్లంతా విపరీతమైన దురద వచ్చినట్టు 2025లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. చాలా అరుదు. అలా వస్తే ఎలర్జీ ముదిరిందనుకుని మీ అంతట మీరు మందు పెంచుకోకండి. మళ్లీ మొదలుపెట్టి మెల్లగా తగ్గించుకుంటూ మానేలా డాక్టరు చూస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఈ రెండు మందుల మోతాదూ తగ్గించాలి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు లెవోసెట్రిజిన్ వాడకూడదు.

రాత్రిబండి
లారీ నడుపుతాను. జలుబు మాత్ర వేసుకుంటే కళ్లు మూతలు పడతాయని తెలుసు. టీ తాగితే సర్దుకుంటుందని మా వాళ్లు అంటారు. నిజమేనా?

మందులచీటీ
కాదండీ. టీ తాగితే మెలకువగా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ బ్రేకు మీద కాలు పడటంలో ఆలస్యం మీకు తెలియకుండానే జరుగుతుంది. పాత తరం మందు వేసుకున్న రోజు బండి తీయకూడదు, మర్నాడు పొద్దున కూడా మత్తు మిగిలి ఉండొచ్చు. మద్యం, నిద్రమాత్రలు, ఆందోళనకి వాడే మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు దీనితో కలిస్తే మత్తు ఇంకా ముదురుతుంది. డాక్టరుతో "నేను డ్రైవర్ని" అని ముందే చెప్పండి, దాన్ని బట్టి మందు మారుస్తారు.

ఇసుకతిన్నె
మా తాతయ్య సంగతి చెప్తాను, ఎవరికైనా ఉపయోగపడుతుంది. ఆయనకి ప్రోస్టేట్ వాపు ఉంది. జలుబు చేస్తే ఎవరో ఇచ్చిన ఇలాంటి మాత్రే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకున్నారు. మర్నాడు తెల్లవారుజామున బాత్రూమ్‌కీ మంచానికీ మధ్య తిరుగుతూనే ఉన్నారు, చుక్క రావడం లేదు. పొత్తికడుపు ఉబ్బి చెయ్యి వేస్తే గట్టిగా తగిలింది. ముట్టుకుంటే చాలు అబ్బా అన్నారు. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే గొట్టం వేసి మూత్రం తీశారు. అక్కడి డాక్టరు ముందు అడిగింది "జలుబు మందు ఏమైనా వేసుకున్నారా" అనే.

వైద్యమిత్ర
ఇది రాసినందుకు కృతజ్ఞతలు ఇసుకతిన్నె గారూ. ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లు, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు, ముఖ్యంగా కంట్లో కోణం మూసుకుపోయే రకం ఉన్నవాళ్లు, ఫిట్స్ వచ్చేవాళ్లు పాత తరం యాంటీహిస్టమిన్లని డాక్టరుని అడగకుండా వేసుకోకూడదు. డిప్రెషన్‌కి ఎంఏఓ ఇన్‌హిబిటర్లనే రకం మందు వాడేవాళ్లకి క్లోర్‌ఫెనిరమిన్ పూర్తిగా నిషిద్ధం. పాలిచ్చే తల్లులు కూడా అడిగాకే వాడాలి, బిడ్డకి మగత రావొచ్చు, పాలు తగ్గొచ్చు.

తెల్లకాగితం
నాదొక సందేహం. ఇన్ని జాగ్రత్తలు సరే, అసలు ఈ మాత్ర జలుబుకి పనిచేస్తుందా?

వైద్యమిత్ర
పనిచేస్తుంది, కానీ కొద్దిగానే. జలుబుకి యాంటీహిస్టమిన్ల మీద 2015లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసేది) ప్రకారం, పెద్దవాళ్లలో మొదటి ఒకటి రెండు రోజుల్లో నయమనిపించింది మందు వేసుకున్నవాళ్లలో 45 శాతానికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 38 శాతానికి. ఆ తర్వాతి రోజుల్లో తేడా లేదు. జింక్ మీద 2024 కాక్రేన్ సమీక్ష ఉంది. జలుబు రాకుండా ఆపడంలో జింక్ వల్ల ఒరిగేది పెద్దగా లేదన్నారు. వచ్చాక వాడితే జలుబు రెండు రోజులు ముందుగా తగ్గొచ్చన్నారు, కానీ ఆ ఆధారం బలమైనది కాదని కూడా వాళ్లే రాశారు. నోటి రుచి చెడటం, వికారం మాత్రం జింక్ వేసుకున్నవాళ్లలో ఎక్కువ.

నా అభిప్రాయం చెప్పాలంటే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు మొదటి రెండు మూడు రోజులు, భోజనం తర్వాత, బండి నడిపే పని లేకపోతే వేసుకోవచ్చు. ఐదు రోజులు దాటిందంటే మాత్ర వల్ల కలిసొచ్చేది ఏమీ ఉండదు. పది రోజులకీ తగ్గకపోతే అది జలుబో, సైనసైటిసో, ఎలర్జీయో తేల్చుకోవాలి.

గాలివాన
జింక్ ముక్కులో స్ప్రే చేసుకుంటే కడుపులో తిప్పదని ఎక్కడో చదివాను.

మందులచీటీ
అది మాత్రం చేయకండి. ముక్కులో వేసుకునే జింక్ మందుల వల్ల వాసన తెలియకుండా పోయిందని ఫిర్యాదులు రావడంతో 2009లో ఎఫ్‌డీఏ వాటిని వాడొద్దని ప్రజలని హెచ్చరించింది. కొందరికి ఆ వాసన శక్తి తిరిగి రాలేదు.

నీటిచుక్క
మొటిమలకి డాక్సీసైక్లిన్ వాడుతున్నాను, ఇప్పుడు జలుబు. రెండూ కలిపి భోజనం తర్వాత వేసుకోవచ్చా?

మందులచీటీ
కలిపి వద్దు. డాక్సీసైక్లిన్ లాంటి టెట్రాసైక్లిన్లు, సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు కడుపులో జింక్‌తో ముడిపడిపోయి రక్తంలోకి సరిగా ఎక్కవు. యాంటీబయాటిక్ వేసుకున్న రెండు గంటలకైనా జింక్ వేసుకోవాలి, లేదంటే జింక్ వేసుకున్న నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత యాంటీబయాటిక్ వేసుకోవాలి. మీకైతే జలుబు తగ్గేదాకా జింక్ లేని మాత్రే తేలిక. హెచ్‌ఐవీకి డోలుటెగ్రావిర్ వాడేవాళ్లకి కూడా ఇలాంటి ఎడం అవసరం, జింక్ వేసుకోవడానికి రెండు గంటల ముందు లేదా వేసుకున్న ఆరు గంటల తర్వాత ఆ మందు వేసుకోవాలి.

పొద్దుతిరుగుడు
వైద్యమిత్ర గారూ, పాపకి సెలైన్ చుక్కలే వేస్తున్నాం. ఆ పాత సీసా తీసేశాను. ఒకవేళ పిల్లలు మనం చూడనప్పుడు ఇలాంటి సిరప్ ఎక్కువ తాగేస్తే ఏం చేయాలి? పెద్దబాబు తీపిగా ఉందని సీసా కోసం మారాం చేసేవాడు.

వైద్యమిత్ర
వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. ఉప్పునీళ్లు, పాలు పట్టకండి. సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఎంత మిగిలిందో చూస్తేనే ఎంత తాగాడో తెలుస్తుంది. ఒళ్లు పొడిగా వేడెక్కడం, ముఖం ఎర్రబడటం, కంటిపాపలు పెద్దవవడం, గుండె దడదడలాడటం, లేనివి ఉన్నట్టు మాట్లాడటం, ఫిట్స్ ఇవన్నీ యాంటీహిస్టమిన్ ఎక్కువైన గుర్తులు. ఇవి కనిపించేదాకా ఆగొద్దు, తాగాడని తెలిస్తే చాలు బయల్దేరండి.

తొలిమంచు
అమ్మతో కూర్చుని ఇదంతా చదివి వినిపించాను. బీర్స్ జాబితా కన్నా ఇసుకతిన్నె గారి తాతయ్య సంగతే ఆవిడ చెవికెక్కింది. "మూత్రం ఆపే మందా ఇది" అని స్ట్రిప్ తీసి నాకిచ్చేసింది. నిద్ర గురించి ఈ వారంలోనే డాక్టరు గారిని కలుస్తున్నాం. ఒక్క ప్రశ్న మిగిలింది. అమ్మకి తుమ్ములు తరచూ వస్తాయని ఎలర్జీ స్కిన్ టెస్టు చేయించమన్నారు. ఇన్నాళ్లూ ఈ మాత్ర వేసుకుంది కదా, పరీక్షకి ఇబ్బందా?

వైద్యమిత్ర
ఇబ్బందేనండీ. యాంటీహిస్టమిన్ ఒంట్లో ఉంటే చర్మం మీద దద్దురు లేవదు, ఎలర్జీ ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. సాధారణంగా పరీక్షకి మూడు నుంచి ఏడు రోజుల ముందే ఆపమంటారు, కచ్చితంగా ఎన్ని రోజులన్నది పరీక్ష చేసేవాళ్లు చెప్తారు. చివరి మాత్ర ఏ తేదీన వేసుకున్నారో రాసిపెట్టుకుని, ఆ స్ట్రిప్ కూడా తీసుకెళ్లి వాళ్లకి చూపించండి.